చిన్నమ్మ రమ్మంటే నేను కారు కోసం పోయిన వైనం

క్రెడిట్ కార్డు వల్ల చెడిపోయినవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళందరూ అప్పులు చేసి చెడిపోయారు. నేను అట్లా కాదు. కార్డు మీద ఒక్క రూపాయి బాకీ పెట్టకుండా, ప్రతి నియమాన్నీ చదివి, కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసి, పద్ధతి ప్రకారం చెడిపోయాను. అంత శ్రద్ధగా చెడిపోయినవాడు కర్నూలు, కడప జిల్లాల్లో ఇంకొకడు ఉంటాడనుకోను. మొదట్లో మీకు నవ్వొస్తుంది, నవ్వండి. మధ్యలో కూడా వస్తుంది. ఆఖర్న రాకపోతే తప్పు మీది కాదు.

నా పేరు ప్రభాకర్. కాపురం కర్నూలులో, ఉద్యోగం నందికొట్కూరులో. అక్కడి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పొద్దున బస్సులో పోతాను, సాయంత్రం బస్సులో వస్తాను. నా భార్య సుగుణ కర్నూలులో ఒక ఆసుపత్రిలో నర్సు. రోగి ముఖం చూసి ఎన్ని రోజులున్నాయో చెప్పేస్తుంది. నా ముఖం చూసి కూడా చాలా చెప్పేది. నేనే వినేవాణ్ణి కాదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం చర్చి అయిపోయాక మిక్సీ కొనడానికి ఒక పెద్ద షాపుకు పోయాం. వాకిట్లోనే ఒక అమ్మాయి బల్ల వేసుకుని కూర్చుని ఉంది. బల్ల మీద రంగురంగుల కార్డుల బొమ్మలు. సుగుణ ఆ వైపు చూడకుండా లోపలికి పోయింది. నేను చూశాను. ఆ అమ్మాయి నన్ను చూసింది. చేప, గాలం ఒకదాన్నొకటి చూసుకున్నట్టు.

"సర్, మీరు ట్రావెల్ చేస్తుంటారా?"

"రోజూ చేస్తాను."

"రోజూనా సర్!" ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "డొమెస్టిక్కా, ఇంటర్నేషనలా?"

"నందికొట్కూరు."

ఆ అమ్మాయి నవ్వును ఎంత గట్టిగా మింగిందంటే, గొంతు కదలడం నాకు కనిపించింది. అయినా వృత్తి ధర్మం మరిచిపోలేదు. "అయితే మీకు ట్రావెల్ కార్డే కరెక్ట్ సర్" అని కాగితాలు నా చేతిలో పెట్టింది.

ఆ రాత్రి నుంచి నేను మనిషిని కాను. ఏడు రకాల కార్డుల వివరాలు తెప్పించాను. గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఏడు గళ్ళు, నిలువుగా పన్నెండు గళ్ళు గీశాను. విమానం పాయింట్లు, విమానాశ్రయంలో ఉచిత లాంజి, హోటలు తగ్గింపు, అద్దె కారుకు దెబ్బ తగిలితే ఖర్చు వాళ్ళే భరించే సదుపాయం. ఒక్కోదానికి మార్కులు వేశాను. ఇంటర్ పిల్లల పేపర్లు కూడా అంత నిజాయితీగా దిద్దలేదు.

సుగుణ కందిపప్పు ఏరుకుంటూ వచ్చి ఆ కాగితం చూసింది.

"ఈ కిరాణా కార్డుకు ఎందుకు ఇంత తక్కువ మార్కులేసినారు?"

"దాంట్లో ఏముంది? బియ్యం, నూనె కొంటే తగ్గింపు. అంతే."

"మనం బియ్యం, నూనె కొంటాం కదా."

"ఎవరైనా కొంటారు బియ్యం."

"కారు ఎన్నిసార్లు అద్దెకు తీసుకున్నాం ఇంతవరకు?"

"ఇంతవరకు కార్డు లేదు కదా!"

ఆమె నా వైపు కాసేపు చూసి, "పప్పులో రాయి దొరికితే పారేస్తాం. మనిషిలో దొరికితే ఏం జేసేది" అని వంటింట్లోకి పోయింది.

అద్దె కారు సదుపాయమున్న కార్డే గెలిచింది. నేనే పరీక్ష పెట్టి, నేనే పేపరు దిద్ది, నేనే ఫలితాలు ప్రకటించిన పోటీ అది. కార్డు ఇంటికొచ్చాక దాన్ని చొక్కా జేబులో ముందుకు కనిపించేలా పెట్టుకుని నందికొట్కూరు బస్సెక్కేవాణ్ణి. కండక్టరు ఒక్కసారి కూడా దాని గురించి అడగలేదు. ఆ ఊపులోనే డ్రైవింగు కూడా నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, కాలేజీ మైదానంలో ప్రిన్సిపాలు పాత కారును గుండ్రంగా తిప్పాను. లైసెన్సు వచ్చింది. వంపు లేని దారిలో కారు ఎట్లా పోతుందో మాత్రం నాకు తెలియదు.

ఇక అసలు మనుషుల దగ్గరికి వస్తాను.

నాకు అయిదేళ్ళప్పుడు మా అమ్మ చనిపోయింది. అమ్మకు ఒక అక్క, ఒక చెల్లెలు. అక్క ఎస్తేరమ్మ, నాకు పెద్దమ్మ, ఆత్మకూరులో ఉంటుంది. చెల్లెలు సలోమి, నాకు చిన్నమ్మ. ఆమె కడపలో ఆడపిల్లల హాస్టల్లో వంట మనిషి. పెళ్ళి చేసుకోలేదు. నన్ను తీసుకుపోయి ఆ హాస్టలు వంటింటి వెనక గదిలో పెట్టుకుని పెంచింది. పెద్ద పెద్ద గంగాళాల్లో సంగటి కెలికి కెలికి ఆమె కుడి భుజం ఎడమ భుజం కన్నా కొంచెం కిందికి దిగిపోయింది. ఆ జీతంతోనే నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆమెకు చదువు రాదు. నా మార్కుల కాగితాన్ని పక్కింటి జరీనా దగ్గరికి తీసుకుపోయి చదివించుకునేది.

ఆమె కడుపులో గడ్డ లేచింది. ఆపరేషను చేశారు. మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. సుగుణ ఆ రిపోర్టులు చదివి నాకేమీ చెప్పలేదు. చెప్పకపోవడంలోనే అర్థమై ఉండాలి. లెక్కల మాస్టరుకు ఇచ్చిన సంఖ్యలే కనిపిస్తాయి, దాచిన సంఖ్య కనపడదు.

ఒక గురువారం పొద్దున జరీనా ఫోను చేసింది.

"ప్రభా బేటా, మీ చిన్నమ్మ రెండు దినాల నుంచి ఏమీ తినలేదు. నీతో మాట్లాడతాదంట."

చిన్నమ్మ గొంతు దారంలా సన్నగా వినిపించింది. "ఒరే ప్రభా, ఒకసారి వచ్చి పోరా. అక్కను గూడా పిల్చుకోని రా."

"వస్తాండా చిన్నమ్మా."

"బిన్నా రా, ఆలస్యం జేయాకు."

సుగుణ అప్పుడే డ్యూటీకి బయలుదేరుతోంది. విషయం విని సంచి కింద పెట్టేసింది. "ఇప్పుడే బస్సెక్కండి. ఆత్మకూరు పోయి పెద్దమ్మను తీసుకోని నంద్యాల మీద పొండి. సాయంత్రానికల్లా కడపలో ఉంటారు. నేను రేపటికి సెలవు అడుక్కోని వస్తా."

"బస్సులోనా? పెద్దమ్మ మోకాళ్ళ సంగతి తెలుసు కదా. రెండు బస్సులు ఎక్కి దిగాలి."

"అయితే మన వీధి చివర జీపు ఉండాది కదా, మాట్లాడుకోండి."

"ఆ జీపుకు నా కార్డు వర్తించదు."

సుగుణ నన్ను నర్సు చూపు చూసింది. నేను వెనక్కి తగ్గలేదు. నా ఆలోచన మీకు కూడా చెబుతాను, ఒకసారి నా పక్షాన నిలబడి వినండి. కారుంటే పెద్దమ్మను ఇంటి ముందర ఎక్కించుకోవచ్చు. చిన్నమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి కర్నూలు తీసుకొచ్చి మంచి డాక్టరుకు చూపించవచ్చు. కారు దిగి ఆమె వాకిట్లో నిలబడితే, నన్ను చదివించినందుకు ఆమెకు ఎంత సంతోషం! వినడానికి బాగుంది కదా? నాకూ అట్లాగే బాగుంది. దీని అడుగున ఇంకొకటి ఉంది: ఇన్నాళ్ళకు నా కార్డుకు పని దొరికింది.

కార్డు కంపెనీకి ఫోను చేశాను. అవతల అబ్బాయి గొంతులో పెళ్ళివారి మర్యాద.

"మీ కార్డుకు రెంటల్ కార్ బెనిఫిట్ ఉంది సర్, కంగ్రాచ్యులేషన్స్!"

"నేను కర్నూలులో కారు తీసుకోవచ్చా?"

"మా పార్ట్‌నర్ కౌంటర్లో తీసుకోవాలి సర్. మీకు దగ్గర్లో హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్."

ఇప్పుడు మీరు దేశపటం తీసి చూడండి. కర్నూలు నుంచి కడప దక్షిణాన ఉంది. హైదరాబాదు ఉత్తరాన ఉంది. కడపకు పోవలసిన మనిషిని నేను, హైదరాబాదు బస్సెక్కాను. అదీ బస్సే! నిలబడి పోయాను.

ఎక్కేముందు పెద్దమ్మకు ఫోను చేశాను. "పెద్దమ్మా, నువ్వు తయారుగా ఉండు. రేపు కారు తెస్తా."

"యాడనుంచి తెస్తావురా?"

"హైదరాబాదు నుంచి."

"ఆత్మకూర్లో కార్లు లేవా నాయనా?" అంది.

విమానాశ్రయం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కౌంటరులో అబ్బాయి ఆ రోజు కార్లన్నీ పోయాయనీ, మరుసటి రోజు పొద్దున ఆరింటికి ఇస్తామనీ చెప్పాడు. సరే, ఉచిత లాంజి ఉంది కదా, అక్కడ కూర్చుని భోంచేద్దామని గేటు దగ్గరికి పోయాను. తుపాకీ పట్టుకున్న జవాను ఆపి టిక్కెట్టు అడిగాడు. నేను కార్డు చూపించాను. ఆయన మళ్ళీ టిక్కెట్టు అడిగాడు. నేను కార్డును రెండో వైపు తిప్పి చూపించాను. విమానం ఎక్కేవాడికే లాంజి అనే చిన్న నియమం నా పన్నెండు గళ్ళలో ఎక్కడా లేదు. బయట బండి మీద ఒక వడ తిని, ఒక లాడ్జి వెతుక్కుని పడుకున్నాను.

శుక్రవారం ఆరింటికి కారు తాళాలు చేతికొచ్చాయి. తెల్లటి కారు. కొత్త వాసన. స్టీరింగు పట్టుకుని ఇంకా మొదటి గేరు వెతుకుతుండగానే సుగుణ ఫోను.

"మేము బస్సులో పోతాండాం. నేను ఈడ కర్నూల్లో ఎక్కినా. పెద్దమ్మ తెల్లారుతూనే ఆత్మకూర్లో బస్సెక్కిందంట, నంద్యాలలో నన్ను కలుస్తాది. మీరు యాడా ఆగకుండా నేరుగా కడపకు రాండి."

"మరి కారెందుకు తెచ్చినట్టు?" నాకు నిజంగానే కోపమొచ్చింది. "ఆమె మోకాళ్ళు?"

"మోకాళ్ళు ఆమెవి. ఆమే నడుచుకుంటాది. మీరు రాండి."

అప్పుడైనా ఆ తాళాలు వెనక్కి ఇచ్చేసి బస్సెక్కాల్సింది. కానీ సంతకాలు అయిపోయాయి. అదీగాక, కారు పోనిచ్చినకొద్దీ పాయింట్లు వస్తాయట.

కాలేజీ మైదానంలో లారీలు ఉండవు. హైవే మీద ఉంటాయి. నేను ఎడమ అంచు పట్టుకుని, భుజాలు చెవులదాకా లేపుకుని పోతుంటే, ప్రతి వాహనమూ హారను కొట్టి మరీ దాటిపోయింది. మిరపకాయల మూటలేసుకున్న ట్రాక్టరొకటి దాటిపోతుంటే, దాని మీద కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చూసి చేతులూపారు. నేను తిరిగి ఊపలేదు. చెయ్యి తీస్తే కారు పడిపోతుందేమోనని భయం. ఎట్లాగో పది గంటలకు కర్నూలు దాటి నంద్యాల దారి పట్టాను.

ఓర్వకల్లు దాటాక కొంత దూరంలో రోడ్డు పక్కన నాపరాళ్ళ డిపో ఉంది. ఇంటికి పరిచే బండలను అంచులు సమంగా నిలబెట్టి వరసలుగా పేర్చారు. సరిగ్గా అక్కడ ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. గొర్రెలు చాలా శాంతంగా దాటుతున్నాయి. నాకొక్కడికే శాంతం లేదు. బ్రేకు తొక్కాను, స్టీరింగు ఎడమకు లాగాను, కళ్ళు మూసుకున్నాను. కర్ర్... అని శబ్దం. కారు ఆగింది. కళ్ళు తెరిస్తే ఒక గొర్రె అద్దంలోంచి నన్ను చూస్తోంది.

గొర్రెల కాపరి పెద్దాయన. భుజం మీద గొంగడి. నిదానంగా వచ్చి కారు చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా, దెబ్బేమన్నా తగిలెనా?"

"నాకేం కాలేదు. మీ గొర్రెలకు?"

"అవి రోడ్డు మీద నడిచేది నేర్చుకున్యాయిలేప్పా" అన్నాడాయన. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు ఈనాటికీ తేలలేదు.

ఎడమ తలుపు మీద ఒక గీత. జానెడు పొడవు. గోటితో గీకినంత లోతు. ఇంత చిన్న గీతను చూసి మామూలు మనిషి అయితే ఊపిరి పీల్చుకుని బయలుదేరుతాడు. నేను మాత్రం ఉత్సాహంగా ఫోను తీశాను. సదుపాయం వాడుకునే సమయం వచ్చింది!

అవతల అదే పెళ్ళివారి గొంతు. "క్లెయిముకు పోలీస్ రిపోర్ట్ కావాలి సర్. ఇరవై నాలుగు గంటల్లో అప్‌లోడ్ చేయాలి."

దారిలో ఒక ఊళ్ళో పోలీసు స్టేషను కనిపించింది. లోపల హెడ్డు కానిస్టేబులు ఒక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఫ్యాను కింద కాగితాలు ఎగిరిపోకుండా చేతులు రెండూ వాటి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం గావాలప్పా?"

"యాక్సిడెంట్ సార్. రిపోర్టు కావాలి."

ఆయన చటుక్కున లేచాడు. "ఎవురన్నా పోయిరా?"

"లేదు సార్."

"కాళ్ళు చేతులు?"

"లేదు సార్. తలుపు మీద గీత పడింది."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "ఎవురు గీసిరి?"

"నాపరాళ్ళు సార్."

"రాళ్ళు నీ మీదికొచ్చెనా, నువ్వు రాళ్ళ మీదికి పోతివా?"

"నేనే పోయాను సార్."

"మల్ల కంప్లైంటు ఎవురి మీదప్పా రాసుకునేది?"

నేను ఆలోచించాను. లెక్కల్లో ప్రతి సమస్యకూ ఒక జవాబు ఉంటుంది. "రాళ్ళ మీదే రాసుకోండి సార్" అన్నాను.

ఆయన పెన్ను పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏం పని చేస్తావప్పా?"

"మాస్టర్ని సార్. లెక్కలు."

"ఊఁ" అన్నాడు, అన్నీ అర్థమైనట్టు. "రాస్తాలే. గానీ సీలు ఎస్సై గారి బీరువాలో ఉండాది. ఆయప్ప బందోబస్తుకు పోయినాడు. వచ్చినాకనే."

అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. పదకొండయింది. పన్నెండయింది. బయట ఎండ తారు రోడ్డును కాలుస్తోంది. సుగుణ ఫోను వచ్చింది.

"యాడుండారు?"

"దారిలో ఉన్నా. నంద్యాల ఇవతల."

"మేము వచ్చేసినాం. చిన్నమ్మ మెలకువగా ఉండాది. పెద్దమ్మ చెయ్యి పట్టుకోని కూసోనుంది. మిమ్మల్ని అడుగుతాంది." సుగుణ గొంతు తగ్గించింది. "ఏమండీ, టైము లేదు. నేను చూస్తాండా కదా. ఇప్పుడే బయలుదేరండి."

"పోలీస్ స్టేషన్లో ఉన్నా. కారు నాపరాళ్ళకు రాసుకుని గీత పడింది. కంప్లైంటు ఇచ్చా, ఒక్క సీలు వేస్తే వచ్చేస్తా."

"ఏం పడింది?"

"గీత."

ఆమె ఫోను పెట్టేసింది.

హెడ్డు కానిస్టేబులు అంతా విన్నాడు. "ఎవురప్పా ఆ చిన్నమ్మ?"

"నన్ను పెంచింది సార్. ఆరోగ్యం బాలేదు."

ఆయన లేచి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. గొంతు మారిపోయింది. "మాస్టరూ, నా మాట ఇను. ఈ కాగితం నేను పెట్టుకోనుంటా. నువ్వు రేపు రా, ఎల్లుండి రా, సీలేసి ఇస్తా. లెయ్యి. ముందు ఆయమ్మను చూడు పో."

"ఇరవై నాలుగు గంటల్లో పంపాలంట సార్."

"యా గంటలప్పా! లెయ్యప్పా సామీ!"

నేను లేవలేదు.

ఈ కథలో నేను చేసిన తప్పు ఇదొక్కటే. కార్డు తీసుకోవడం తెలివితక్కువ, హైదరాబాదు పోవడం అంతకన్నా తెలివితక్కువ. వాటిని చెప్పుకుని నేను కూడా నవ్వుతాను. కానీ ముక్కూ మొహం తెలియని ఒక పోలీసాయన నా భుజం మీద చెయ్యేసి లెమ్మంటే, నేను గోడ గడియారం వైపు చూసి, "ఇంకో అరగంటలో వచ్చేస్తారేమో లెండి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. దాన్ని ఏ గొర్రెల మీదికీ నెట్టలేను.

అరగంట రెండున్నర గంటలైంది. ఎస్సై వచ్చాడు, చదివాడు, హెడ్డు వైపు చూశాడు, సీలు వేశాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, పరీక్షలో ఫస్టు వచ్చినవాడిలా బయటికొచ్చాను. హెడ్డు కానిస్టేబులు నా వైపు చూడలేదు.

నంద్యాల దాటాను. ఆళ్ళగడ్డ దగ్గర ఫోను మోగింది. కారు పక్కకు ఆపి తీశాను. సుగుణ "ఏమండీ" అంది. ఇంకేమీ అనలేదు. రోగి ముఖం చూసి చెప్పడం ఆమెకు వచ్చు. ఆ రోజు ఆమె గొంతు విని నాకూ వచ్చింది.

కడప చేరేసరికి పొద్దు వాలింది. హాస్టలు పక్కనే, చర్చి వెనక సందులో, పని మానేశాక ఆమె చేరిన ఇల్లు. సందు మొదట్లోనే కారు ఆపాల్సి వచ్చింది, లోపలికి పట్టదు. అంత దూరం నుంచి తెచ్చిన కారు ఆమె వాకిటిదాకా కూడా పోలేదు. బెంచీల మీద కూర్చున్న హాస్టలు ఆడవాళ్ళు నన్ను చూసి దారిచ్చారు. లోపల చిన్నమ్మను తెల్ల దుప్పటి కప్పి పడుకోబెట్టారు. కుడి భుజం అట్లాగే కొంచెం కిందికి ఉంది. సుగుణ నా దగ్గరికొచ్చి, నా చేతిలోంచి మెల్లగా ఏదో తీసుకుంది. ఏమిటా అని చూస్తే, ఆ ప్లాస్టిక్ కవరు. కారులోంచి చేతిలో పట్టుకుని దిగినట్టున్నాను. ఆమె దాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరుసటి రోజు పాస్టరుగారు ప్రార్థన చేశారు. సమాధి మీద మట్టి వేశాం. కడప మట్టి గట్టిది, గడ్డలు గడ్డలుగా పడింది.

కార్డు సంగతి ఏమైందని మీలో ఎవరైనా అడగొచ్చు. అడగరేమో గాని నేను చెప్పేస్తాను, నాకది గొంతులో ముల్లులా ఉంది. ఆ పోలీసు కాగితాన్ని పంపించాను. రెండు వారాలకు జవాబొచ్చింది: సదరు సదుపాయం విదేశాల్లో అద్దెకు తీసుకున్న కార్లకు మాత్రమే వర్తిస్తుంది. కారు వాపసు ఇచ్చిన రోజు కౌంటరు అబ్బాయి ఆ గీతను వేలితో తడిమి, "ఇంత చిన్నదానికి మేమేమీ అడగం సర్, మా ఇన్సూరెన్స్‌లోనే పోతుంది" అన్నాడు. అంటే ఆ మూడున్నర గంటలూ నేను ఎవరూ అడగని దాని కోసం, ఎవరూ ఇవ్వని దాన్ని పట్టుకుని కూర్చున్నానన్న మాట.

కారును వాపసు ఇవ్వకముందు, ఆదివారం నాడు, పెద్దమ్మను ఆత్మకూరులో దించడానికి అందులోనే తీసుకుపోయాను. సుగుణ డ్యూటీ ఉందని ముందే బస్సులో వెళ్ళిపోయింది. పెద్దమ్మ ముందు సీట్లో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బైబిలు సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నల్లమల కొండలు కనిపించడం మొదలైనాక నోరు విప్పింది.

"ప్రభా, నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు చెప్పలేకపోతి."

"చెప్పు పెద్దమ్మా."

"సుగుణ నీతో ఫోన్లో మాట్లాడి లోపలికొచ్చినాక సలోమి అడిగె. 'వాడు యాడుండాడక్కా' అని. అబద్ధం చెప్దామనుకుంటి. నోరు రాలేదు. పోలీసు టేషన్లో ఉండాడంట అంటి."

"అయ్యో పెద్దమ్మా! భయపడి ఉంటుంది కదా."

"భయపడె. లేయబోయె. 'ఏం జేసినాడు వాడు' అనె. 'ఏం జేయలేదులేమ్మే, కారు రాళ్ళకు గీసుకున్యాదంట, కంప్లైంటు ఇస్తాండాడంట' అంటి. కొంచేపు నా మొగం చూసె. 'ఎవురి మీద?' అనె. 'రాళ్ళ మీదేమో' అంటి."

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

"నవ్విందిరా." పెద్దమ్మ కిటికీ వైపు తిరిగింది. "కడుపు పట్టుకోని నవ్వింది. నొప్పి పుడతాంటే 'అబ్బా, అబ్బా' అనుకుంటానే నవ్వింది. ఏమాయెనో అని జరీనా పరిగెత్తుకోనొచ్చె. దానికి గూడా నన్నే చెప్పమనె. మల్ల నవ్వె. అప్పుడొక మాట అనె."

"ఏమనింది?"

"'తప్పు నాదేలే అక్కా. వాణ్ని అంతగా సదివించకుండా ఉంటే ఈపాటికి బస్సెక్కి వచ్చుండు' అనె. నీళ్ళడిగె. తాపితిమి. కండ్లు మూసుకునె. నవ్వి నవ్వి అలిసి నిద్రపోయిందనుకుంటిరా నేను."

కారును రోడ్డు పక్కకు దించాను. ఈసారి ఏ రాళ్ళకూ తగలకుండా ఆపాను. ఇద్దరం చాలాసేపు అక్కడే ఉన్నాం. నవ్వుతున్నామో ఏడుస్తున్నామో దాటిపోయే లారీ డ్రైవర్లకు తెలిసి ఉండదు, మాకే తెలియలేదు.

కాబట్టి, కర్నూలు వాస్తవ్యుడను, వృత్తిరీత్యా లెక్కల మాస్టరును అయిన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఇందుమూలంగా చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఇకమీదట నాకు కావలసినవాళ్ళు ఎవరైనా 'ఒకసారి వచ్చి పోరా' అని పిలిస్తే, చెప్పులు తొడుక్కుని బయలుదేరుతాను గాని, దేంట్లో పోవాలని ఈ జన్మలో ఆలోచించను.